రెండో కూత దాకా

సమ్మె జరిగిన ఆ ఎండాకాలం మా తమ్ముణ్ణి ఊరికి రప్పించడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. మందిరంలో పాత పాస్టరుగారు పోయి చాలా రోజులైంది. వాక్యం చెప్పేవాళ్ళు లేక సంఘపెద్దలే వంతులేసుకుని చెబుతుంటే, వినేవాళ్ళు వంతులేసుకుని నిద్రపోతున్నారు. మా తమ్ముడేమో మూడు ఊళ్ళవతల పాస్టరై, పేరు తెచ్చుకుని, ఎవరెవరి పిల్లలకో పేర్లు పెడుతూ, ఎవరెవరి తల్లుల్నో మట్టి చేసి వస్తున్నాడు. మా అమ్మ పోయినప్పుడు మాత్రం రాలేదు. వానలకి రోడ్డు తెగిపోయిందన్నాడు. రోడ్డు తెగితే కాళ్ళు కూడా తెగుతాయా అని కబురు పంపాను. 

అయినా వాడు రావాలి, వచ్చి ఉండిపోవాలి. నా పట్టు అది. అమ్మా నాన్నా పోయాక, కడుపున పిల్లలు కూడా లేని నాకు, రక్తసంబంధం అంటూ మిగిలింది వాడొక్కడే. తిట్టుకోవడానికైనా ఒక మనిషి దగ్గరుండాలి కదా.

సంఘపెద్దల్లో పెద్ద ఎవరంటే పెద్దసుత్తి. చిన్నప్పుడు ఒక్క దెబ్బకి బండ చీల్చాడట, అప్పటి నుంచీ అదే పేరు. ఊళ్ళో రెండు పెత్తనాలూ ఆయనవే, ఆదివారం మందిరంలో, మిగతా రోజులు సమ్మె కమిటీలో. నేను వెళ్ళి అడిగితే నవ్వాడు.

"ఎవరు, మన పిచ్చుకా? మీ రొట్టెల బట్టీ ముందు పొడి ఏరుకు తిన్నవాడు మాకు పాస్టరా?"

"వాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు పెదనాన్నా."

"పిచ్చుక ఎంత పెద్దదైతే మాత్రం గద్దవుతుందా అమ్మా."

తర్వాత ఎవరో చెప్పారు, మా తమ్ముడున్న ఊళ్ళో మిల్లు మూతపడితే వాడు వెళ్ళి యజమానితో మాట్లాడి గేట్లు తెరిపించాడని. ఆ మాట చెవిన పడ్డాక పెద్దసుత్తి తనే మా బట్టీకి నడిచొచ్చాడు. "మనూరి పిల్లాడు బయట ఎందుకమ్మా, కబురు పెట్టు" అన్నాడు. అవసరం అలాంటిది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

మాది రాళ్ళ ఊరు. క్వారీ గుంట ఊరి చివర మొదలై, తవ్వగా తవ్వగా ఊళ్ళోకే వచ్చేసింది. రాతిలో పేలుడు మందు కూరే మనుషుల్ని సగానికి తగ్గిస్తాం, పని మాత్రం అంతే చెయ్యాలి అంది కంపెనీ. నాలుగు చేతులు చేసే పని రెండు చేతులు చేస్తే మిగిలేవి శవాలే అని మావాళ్ళు ఉలీ సుత్తీ కింద పెట్టేశారు.

మా ఆయన ఆ క్వారీలో సైరను మనిషి. రాతికి మందు పేల్చే ముందు చేత్తో తిప్పే సైరను ఒకటుంటుంది, గుంట అంచున, మెట్లెక్కి వెళ్ళే చిన్న గదిలో. మొదటి కూతకి ఎక్కడున్నవాళ్ళు అక్కడ బోర్లా పడుకుని తల మీద చేతులు పెట్టుకోవాలి. రెండో కూత దాకా లేవకూడదు. గుంటలో ఉన్నవాళ్ళే కాదు, రాళ్ళు ఇళ్ళ దాకా ఎగిరొస్తాయి కాబట్టి ఊరు మొత్తం పడుకుంటుంది. మంగలి కత్తి పక్కన పెట్టి పడుకుంటే, సగం గడ్డంతో ఉన్నవాడు ఆయన పక్కనే పడుకుంటాడు. మా పెళ్ళిలో ఉంగరం తొడిగే వేళకే సైరను మోగింది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పాస్టరుగారూ వరసగా బోర్లా పడ్డాం. మోగించింది మా నాన్నే. కూతురి పెళ్ళి అని సెలవడిగితే కంపెనీ ఇవ్వలేదు.

నాన్న తర్వాత ఆ పని మా తమ్ముడిది కావాల్సింది. వాడు బైబిలు పట్టుకుని వెళ్ళిపోతే మా ఆయనకొచ్చింది. చేరిన రోజు నుంచీ ఒక్క తప్పుడు కూత లేదు. ఒక్కసారి ఉత్తపుణ్యానికి మోగించావంటే రెండోసారి ఎవరూ పడుకోరు, పడుకోకపోతే చస్తారు, అనేవారు. ఊళ్ళో ఆయన్ని తాగుబోతులు కూడా "గారు" పెట్టి పిలుస్తారంటే అందుకే. సమ్మెతో సైరను మూగబోయాక ఆ మనిషి కూర్చున్నచోట కూర్చోలేక, నిద్రలో కూడా మణికట్టు తిప్పుకుంటూ, నా ప్రాణం తోడేస్తున్నారు.

మా తమ్ముడు బస్సు దిగిన రోజు ఊరంతా వచ్చింది. వాడు బక్కగా, భుజాన ఒక గుడ్డ సంచితో దిగాడు. ముసలమ్మలు బుగ్గలు పుణికారు. మగవాళ్ళు వీపు చరిచారు. "పిచ్చుకొచ్చాడు, పిచ్చుకొచ్చాడు" అని పిల్లలు వెంటపడ్డారు. నేను మాత్రం బట్టీ దగ్గర నుంచి కదల్లేదు. వాడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా."

"రోడ్డు బాగుపడిందా?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. పళ్ళెంలో రొట్టె పెట్టి ముందుకి తోశాను. తింటూ ఏడిచాడు. నేను పొయ్యి వైపు తిరిగి నిప్పు ఎగదోసుకున్నాను, అవసరం లేకపోయినా.

సాయంత్రం పెద్దసుత్తి కమిటీ వాళ్ళని వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. మా ఆయన కుర్చీలు వేశారే గానీ మొహం ముటముటలాడుతూనే ఉంది. ఆయనకి బావమరిది అంటే మొదట్నించీ గిట్టదు. పెళ్ళాం పుట్టింటి బరువు తన నెత్తిన పెట్టి పోయినవాడని కోపం. అందులో అబద్ధమేమీ లేదు.

"అక్కడ మిల్లు గేట్లు తెరిపించావటగా. అదేదో ఇక్కడ చేసి చూపించు" అన్నాడు పెద్దసుత్తి.

"అక్కడ నేను చేసిందేం లేదు పెదనాన్నా. వాళ్ళే ముందు తమలో తాము కొట్టుకోవడం మానేశారు. తర్వాత యజమాని ఎదుట అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు."

"ఇక్కడా ఒక్క మాట మీదే ఉన్నాం. ఆ కొత్తోళ్ళు రాకపోతే ఈపాటికి కంపెనీ కాళ్ళ బేరానికొచ్చేది."

కొత్తోళ్ళంటే, కంపెనీ లారీల్లో తెచ్చి గుంటకి అవతలి ఒడ్డున రేకుల షెడ్లలో దింపిన జనం. ఎక్కడివాళ్ళో, ఏం మాట్లాడతారో, మాకెవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. మా పని లాక్కోవడానికొచ్చారు, అంతవరకు తెలుసు. వాళ్ళకి ఊళ్ళో రొట్టె అమ్మకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు అని కమిటీ తీర్మానం. ఊరికి ఒకటే బట్టీ, అది నాది. కాబట్టి ఆ తీర్మానం అంటే నేనే.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. చూద్దాం, నువ్వెలాంటి చెట్టువో" అన్నారు మా ఆయన, అందరి ముందూ.

"నేను వైద్యుణ్ణి కాను బావా" అన్నాడు వాడు. ఎవరూ నవ్వలేదు.

మర్నాటి నుంచీ వాడి వంతు రొట్టె మాయమవడం మొదలైంది. పొద్దున పెడితే తిన్నానంటాడు, మనిషేమో తాడులా అయిపోతున్నాడు. ఒకరోజు వెనకాలే వెళ్ళి చూద్దును కదా, దొరగారు గుంట అంచు వెంబడి నడుచుకుంటూ షెడ్ల దగ్గరికి పోతున్నారు. తిరిగొచ్చేదాకా వాకిట్లో కూర్చున్నాను.

"తినడానికి పెట్టాను, పంచడానికి కాదు."

"నా వంతేగా అక్కా."

"నీ వంతు పిండి కూడా ఈ ఊరు పెట్టిందే. వాళ్ళు మన పొట్ట కొట్టడానికొచ్చినవాళ్ళు."

"వాళ్ళకి సమ్మె సంగతే తెలీదక్కా. కొత్త క్వారీ అని చెప్పి తెచ్చారు. పనిలోకి దిగేదాకా తిండి పెట్టరట. దిగితే మీరు చంపుతారని దిగట్లేదు. ఒక్కడు కూడా ఉలి ముట్టుకోలేదు, నువ్వే వచ్చి చూడు."

"చూసి ఏం చెయ్యను?"

"అమ్ము. ఊరికే ఇవ్వమనట్లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అమ్మ పోయినప్పుడు రాలేదు గానీ, ఊరూ పేరూ లేనివాళ్ళ ఆకలికి మాత్రం పరిగెత్తుకుంటూ వెళ్తున్నావు. నిన్ను ఇక్కడ నిలబెట్టడానికి ఎంతమంది గడపలు తొక్కానో తెలుసా? నువ్వుండిపోతావని మందిరం వెనక గదికి సున్నం కూడా వేయించాను. ఇవాళో రేపో ఎవరైనా చూశారంటే, నీ గదీ పోతుంది, నా బట్టీ పోతుంది."

వాడు ఆ గది మాట విని నా మొహంలోకి చూశాడు. "సున్నం నువ్వే వేశావా?" అన్నాడు మెల్లగా. మర్నాడూ వాడి వంతు రొట్టె షెడ్లకే పోయింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అని ఊరికే అన్నారా.

ఆ వారంలోనే ఒక మిట్టమధ్యాహ్నం షెడ్ల నుంచి ఒకావిడ నేరుగా కొట్టుకే వచ్చింది. నా వయసుదే. తలమీద కొంగు, చేతిలో ఖాళీ గిన్నె. వరసలో నిలబడింది. ముందు వాళ్ళూ వెనక వాళ్ళూ పక్కకి జరిగిపోయి ఆవిడ చుట్టూ ఖాళీ చేశారు. ఆవిడ వంతొచ్చింది.

"రొట్టెలున్నాయా అమ్మా?"

"లేవు" అన్నాను.

నా వెనక అరల నిండా రొట్టెలున్నాయి. వేడివేడివి, వాసన వీధి చివరిదాకా వస్తోంది. ఆవిడ వాటిని చూసింది, నన్ను చూసింది. "సరేనమ్మా" అని వెళ్ళిపోయింది. వరసలో వాళ్ళు "బాగా బుద్ధి చెప్పావు" అన్నారు. మా తమ్ముడు పిండి బస్తా మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. ఏదో ఒకటి అంటే తిరిగి నాలుగు అందామని చూశాను. వాడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఎవరికి ఎన్ని రొట్టెలిచ్చానో నాకే తెలియలేదు, ముగ్గురు తిరిగొచ్చి లెక్క తప్పిందని చెప్పారు.

శనివారం పెద్దసుత్తి వచ్చి మా తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు నీ మొదటి వాక్యం. లూకా నాలుగు చదువు. పేదలకి శుభవార్త, చెరలో ఉన్నవాళ్ళకి విడుదల. అక్కడిదాకా చాలు."

మా ఊళ్ళో ఆ అధ్యాయాన్ని ఎప్పుడూ అక్కడిదాకే చదువుతారు. సమ్మె జరిగినప్పుడల్లా అదే. నేను పుట్టినప్పటి నుంచీ ఆ మాటలు విన్నాను, ఆ తర్వాత ఏముందో వినలేదు. చదువుకుందామంటే నాకా తీరిక ఎక్కడిది.

ఆదివారం మందిరం కిక్కిరిసిపోయింది. కిటికీల బయట కూడా జనం. మా ఆయన కమిటీ వాళ్ళతో ముందు బల్లమీద కూర్చున్నారు. వాడు లేచి చదువుతుంటే నాకే వింతనిపించింది, గొంతు అచ్చం నాన్నదే. ప్రభువు పెరిగి పెద్దవాడైన ఊరికి వచ్చి, మందిరంలో లేచి నిలబడి చదివిన చోటు అది. పేదల మాట వచ్చేసరికి "ఆమెన్" అని ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అంది. పక్కనావిడ నా చెయ్యి నొక్కి, "మీ అమ్మ ఉండి చూడాల్సింది" అంది. ఆ ఒక్క నిమిషం, వాడు ఇక మాతోనే ఉంటాడని నమ్మేశాను. కళ్ళు తుడుచుకున్నాను.

పెద్దసుత్తి కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. వాడు కూర్చోలేదు.

"తర్వాత ఏం జరిగిందో కూడా ఇక్కడే ఉంది" అన్నాడు. చదివాడు. ఊరివాళ్ళు మొదట ఎంత మెచ్చుకున్నారో చదివాడు. ఇతను ఫలానావాడి కొడుకు కాడా అన్నారని చదివాడు. ఆ తర్వాత బైబిలు మూసి మామూలుగా మాట్లాడాడు.

"పక్క ఊళ్ళో చేసింది ఇక్కడ చెయ్యమని మీరు అడుగుతారు, నాకు తెలుసు, అన్నాడు ప్రభువు. ఏలీయా రోజుల్లో కరువొచ్చింది. దేశంలో విధవరాళ్ళు చాలామంది ఉన్నారు. దేవుడు ప్రవక్తని వాళ్ళలో ఒక్కరి ఇంటికీ పంపలేదు. పరాయి దేశంలో, పిడికెడు పిండి మిగిలిన ఒక ఆడమనిషి దగ్గరికి పంపాడు. సొంత ఊళ్ళో నిలబడి ఈ మాట చెప్పాడాయన." ఒక్క క్షణం ఆగాడు. "మనకీ కరువొచ్చింది. దేవుడు మన పక్షాన ఉన్నాడనుకుంటున్నాం. ఆయన గుంటకి అవతల, రేకుల కింద, ఆకలితో కూర్చున్నాడు. మొన్న ఖాళీ గిన్నె పట్టుకుని మన వీధిలోకి వచ్చి వరసలో నిలబడ్డాడు. లేవని పంపించాం."

నా తల మీద ఎవరో బండ వేసినట్టయింది. అందరూ నా వైపు తిరుగుతారనుకున్నాను. ఎవరూ తిరగలేదు. వాళ్ళ చూపంతా వాడి మీదే.

"కంపెనీకి ఎంతకి అమ్ముడుపోయావురా?" అని వెనక నుంచి ఒకడు.

"మనిల్లు తగలబడుతుంటే పక్కింటికి నీళ్ళు మోస్తాడట."

"పిచ్చుకా, దిగు" అన్నాడు పెద్దసుత్తి. గొంతు పెంచలేదు. "గుంట చూసి చాలా ఏళ్ళైనట్టుంది వీడికి. చూపిద్దాం రండి."

మగవాళ్ళంతా ఒక్కసారి లేచారు. బల్లలు పడిపోయాయి. వాణ్ణి కిందికి లాగి, నడిపించారో మోశారో తెలియదు, వాకిలి దాటించేశారు. కుడిచెయ్యి పట్టుకుంది ఎవరో కాదు, మా ఆయన. నేను "వదలండి" అని అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పాటలు పాడే ఆడవాళ్ళు కూడా వాళ్ళ వెనక పరిగెడుతున్నారు, ఆపడానికో చూడ్డానికో.

గుంట అంచు మందిరానికి ఎంతో దూరం లేదు. ఆ అంచు నుంచి కిందపడ్డ మనిషిని పైకి తేవడానికి తాళ్ళు కట్టాలి, అదీ మిగిలితే. ఈ మూకకి నా గొంతు వినబడదు. వీళ్ళకి వినబడేది ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది. అది తట్టగానే బట్టీ వెనక సందులోంచి పరిగెత్తాను.

సైరను గదికి రోజూ అన్నం గిన్నె పట్టుకెళ్ళేదాన్ని, గుమ్మం దాటి ఎరగను. తలుపుకి గొళ్ళెమే ఉంది, తాళం లేదు. పిడి రెండు చేతులతో పట్టుకుని తిప్పాను, కదల్లేదు. ఒళ్ళంతా వేసి తిప్పాను. మొదట గురగురమని, తర్వాత సన్నగా, తర్వాత ఆకాశం చిల్లుపడేలా మోగింది.

కిటికీలోంచి చూస్తే అంచు కనబడుతోంది. జనమంతా ఆగిపోయారు. మోకాళ్ళు వాటంతటవే వంగుతున్నాయి గానీ ఎవరూ పడుకోవట్లేదు. అందరూ మా ఆయన వైపు చూస్తున్నారు. సైరను మనిషి తమ మధ్యలోనే ఉన్నాడు. సమ్మెలో మందు లేదు, పేల్చేవాడు లేడు. మరి తిప్పుతున్నదెవరు?

మా ఆయన గది వైపు తల తిప్పారు. చేత్తో తిప్పే సైరనుకి ఎవరి చెయ్యి వాళ్ళదే, ఆయన వింటేనే చెప్పగలరు, నాది కుదుపులు కుదుపులుగా పోతోంది. పైగా కిటికీలో నా తల కనబడుతూనే ఉంది. నన్ను చూశారు. నేను తిప్పడం ఆపలేదు.

ఆయన మా తమ్ముడి చెయ్యి వదిలేశారు. మోకాళ్ళ మీద కూర్చుని, నెమ్మదిగా బోర్లా పడుకుని, తల మీద చేతులు పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఊరంతా పడుకుంది. పెద్దసుత్తి, కమిటీ వాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ దుమ్ములో మొహాలు పెట్టి పడుకున్నారు. మా తమ్ముడికీ ఒక మోకాలు వంగింది, ఈ ఊళ్ళో పుట్టినవాడు కదా. మళ్ళీ లేచాడు. నేను పిడి వదిలేశాను. వాడు మనుషుల మధ్య ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అడుగేసుకుంటూ, ఎవరి చెయ్యీ తొక్కకుండా, నడిచి ఇవతలికొచ్చాడు. పరిగెత్తలేదు. నాకు ప్రాణం పోతోంది, వాడు పరిగెత్తడు.

గది కిటికీ కిందికొచ్చి ఆగాడు. "అక్కా, నాతో వచ్చెయ్."

"బట్టీలో నిప్పుంది" అన్నాను. ఆ క్షణంలో ఆ మాటే వచ్చింది.

"అమ్మప్పుడు నేను..."

"ఇప్పుడా ఆ మాట? పోరా. రెండో కూత ఎంతసేపని ఆపను? పో."

వాడు వెళ్ళాడు. గుంట చుట్టూ తిరిగి, షెడ్లు దాటి, అవతలి రోడ్డు ఎక్కి, మలుపులో కనుమరుగయ్యేదాకా చూశాను. ఊరు అలాగే పడుకుని ఉంది, ఎండలో. అప్పుడు రెండో కూత వేశాను. వాడు మళ్ళీ ఈ ఊళ్ళో అడుగుపెట్టలేదు, పెట్టడు కూడా. వాణ్ణి దగ్గరుంచుకోవాలన్న నా ఆశ ఆ మలుపు దగ్గరే అయిపోయింది.

జనం లేచి దుమ్ము దులుపుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మీద పడతారని కాచుకుని కూర్చున్నాను, ఎవరూ మెట్లెక్కలేదు. ఇంటికెళ్తే మా ఆయన బట్టీ ముందు కూర్చుని ఉన్నారు, చొక్కా అంతా మట్టి. అన్నం పెట్టాను, తిన్నారు. 

పొద్దున్నే పెద్దసుత్తి కమిటీతో వచ్చాడు. రొట్టెల కోసం వచ్చిన వరస అలాగే నిలబడి వింటోంది.

"తిప్పింది నీ పెళ్ళామని అందరికీ తెలుసు" అన్నాడు మా ఆయనతో. "తోడబుట్టినవాడి కోసం తిప్పింది, దాని సంగతి వదిలెయ్. నిన్నడుగుతున్నాను. నువ్వు మా పక్కనే ఉన్నావు. అది దొంగ కూతని ఖాయంగా తెలిసింది నీకొక్కడికే. ఎందుకు పడుకున్నావు?"

"మోగింది. పడుకున్నాను."

"మేం నిన్ను చూసి పడుకున్నాం."

"తెలుసు" అన్నారు మా ఆయన.

పెద్దసుత్తి గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువుంది, నాకు అందుకే ఇంకా భయమేసింది. "రేపు సమ్మె తీరి నిజంగా మందు పేలుతుంది. నువ్వు కూతేస్తే మావాళ్ళు పడుకోవాలా, నిలబడి ఆలోచించాలా?"

"ఆలోచిస్తారు. ఆలోచిస్తే చస్తారు. అందుకే నన్ను మళ్ళీ ఆ గదిలో పెట్టొద్దు. వేరేవాణ్ణి చూసుకోండి."

 వాళ్ళు వెళ్ళేటప్పుడు ఒకాయన, కమిటీలో అందరికన్నా చిన్నవాడు, "వస్తాం" అని, అలవాటుగా "గారూ" చేర్చబోయి ఆపేశాడు. మా ఆయన మొహం వైపు నేను చూడలేకపోయాను. జీవితం మొత్తం కూడబెట్టుకున్నదంతా ఒక్కసారి బోర్లా పడుకుని ఇచ్చేసిన మనిషి. ఎవరి కోసం? తనకి మొదట్నించీ గిట్టనివాడి కోసం.

వరస చెదిరిపోయింది. ఆ పూట ఊళ్ళోవాళ్ళు ఒక్కరు కూడా రొట్టె కొనలేదు. అరల నిండా అలాగే ఉన్నాయి. ఆయన లేచి, పెద్ద తట్ట దించి, రొట్టెలు ఒక్కొక్కటే అందులో పేర్చడం మొదలుపెట్టారు. ఎక్కడికని అడగలేదు, గుంటకి అవతలి షెడ్లకని తెలుస్తూనే ఉంది.

"వాడు మీ పక్కనుంచే వెళ్ళాడు కదా. ఏమైనా అన్నాడా?" అన్నాను.

"వాడేమీ అనలేదు. నేనే అన్నాను."

"ఏమని?"

"పరిగెత్తరా వెధవా అని. వింటేగా. మీ వంశంలో ఎవరు విన్నారు గనక."

నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడిచాను, బట్టీ ముందే, ఎవరు చూస్తే నాకేం. ఆయన తట్ట నెత్తికెత్తుకోవడానికి నా వైపు వంగారు. పట్టి ఎత్తాను. వీధిలో అన్ని గుమ్మాల్లోనూ జనం నిలబడి ఉన్నారు, ఒక్కరి మొహంలోనూ మంచితనం లేదు. వెనక సందులోంచి వెళ్ళండి అన్నాను. ఆయన వినలేదు. తట్ట సర్దుకుని, నడివీధిలోంచే, వాళ్ళందరి మధ్యలోంచే వెళ్ళారు.